మన పాట ఎవరి నోట? ఎవరి పేరున?

(కరీంనగర్ జిల్లాలో ఒక దళితవాడలో అంబేద్కర్ జయంతి సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను చదువు గురించి మాట్లాడుమన్నరు. ప్రతి ఏడూ సార్ వస్తడు, చదువుకోండ్రి అంటడు, మీరు చప్పట్లు కొడ్తరు, ఇంటికి పోతరు. ఈసారి పాట గురించి మాట్లాడుతా. ఇది కూడా చదువు ముచ్చటే.

మొన్న మా బడిలో వార్షికోత్సవం చేసినం. పిల్లలు సెల్‌ఫోన్‌లో పాట పెట్టి ఆడిండ్రు. పాత జానపదానికి కొత్త బాజాలు కట్టిన పాట అది. అందరూ ఈలలు వేసిండ్రు. ఒక పిల్లగాడు మాత్రం వెనక మూలకు కూసున్నడు. వాడు చిందోళ్ల పిల్లగాడు. వాణ్ణి తోలుకపోను వాళ్ల నాయనమ్మ వచ్చింది. ఆ పాట విని గడప కాడనే నిలబడ్డది. "సారూ, గీ పాట మేం ఆటల పాడేది. నడుమ రెండు చరణాలు ఎగ్గొట్టిండ్రు" అన్నది. ఆ రెండు చరణాలు పాడుమని అడిగిన. మనుమడు ఆమె చెయ్యి పట్టి గుంజిండు. "వద్దు నానమ్మా, పోదాం పా" అన్నడు. వాడికి సిగ్గయింది. పాటకు ఈలలు, పాటను పుట్టించిన ఇంటికి సిగ్గు. ఈ రెండూ ఒక్క గదిలో ఎట్ల ఇమిడినయి? ఇయ్యాళ నేను మాట్లాడేది దాని గురించే.

మన చిన్నతనం యాది చేసుకోండ్రి. 1987లో టీవీలో రామాయణం వచ్చినప్పుడు ఊరికి ఒకటో రెండో టీవీలు. అవి పెద్దోళ్ల ఇండ్లల్లో. మనం అరుగు కింద నిలబడి మెడలు సాపి చూసినం. కానీ చిందు భాగోతం వచ్చిన రాత్రి మనదే గద్దె, మనదే ముందు వరుస. మొఖానికి అర్దళం పూసుకొని, కిరీటం, భుజకీర్తులు కట్టుకొని, గజ్జెలు మోగంగ వాళ్లు మన వాడకట్టుకు వచ్చి ఆడేది. తెల్లారేదాకా ఆట. ఇంటిల్లిపాదీ కళాకారులే. ఆడోళ్లు కూడా వేషం కట్టేది, మగ వేషం సుత కట్టేది. నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ అట్లా మగవేషాలతోనే పేరు పొందింది. 2005లో కన్నుమూసింది. ఆడోళ్లు రంగం మీదికి రావద్దని పెద్ద కులాల నాటకాలు కట్టుబాటు పెట్టుకున్న కాలంలో మన భాగోతంలో ఆడది రాజై గద్దె మీద నిలబడ్డది.

జాంబపురాణం చెప్పేది కూడా వాళ్లే. భూమి కంటే ముందు పుట్టినోడు జాంబవుడని, మాదిగ బిడ్డ ఆదిలో ఉన్నోడని వాళ్లు పాడుతుంటే విన్నం. బడిలో పుస్తకం మనకు చోటియ్యలేదు. భాగోతం ఇచ్చింది. ఆదిలాబాద్ దిక్కు తోటి, పర్ధాన్ కళాకారులు కిక్రీ వాయించుకుంట గోండుల పుట్టు పూర్వోత్తరాలు పాడ్తరు. పుస్తకం లేని జాతికి పాటే పుస్తకం.

ఇప్పుడు ఆ పాటలకు కాలం వచ్చింది. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాటకు ముందు దర్శనం మొగులయ్య కిన్నెర మోగింది. ఆయన నాగర్‌కర్నూల్ దిక్కు డక్కలి కళాకారుడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2023 మార్చిలో మన సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి 'బలగం' తీసిండు. ఊర్ల నడుమ తెరలు కట్టి జనం ఆ సినిమా చూసిండ్రు. చివర్లో పాడిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు బుడగ జంగాల కళాకారులు. చావు ఇంటి ముందట వాళ్లు చెప్పే కథను వింటూ విడిపోయిన అన్నదమ్ములు ఏడ్చిండ్రు. అట్లనే 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో సారంగదరియా పాట వచ్చింది. ఆ పాటను తాను ముందే టీవీలో పాడి వెలుగులోకి తెచ్చిన్నని కోమల అనే జానపద గాయని ముందుకొచ్చి అడిగింది. ఆమెకు పేరు, పారితోషికం ఇస్తమని దర్శకుడు ఒప్పుకున్నడు. అడిగింది కాబట్టి దొరికింది. ఈ మాట గుర్తు పెట్టుకోండ్రి.

"సార్ కొత్త పాటలు వద్దంటుండు" అని కొందరు తమ్ముళ్లు అనుకోవచ్చు. కాదు తమ్మీ. పాత బాణీకి కొత్త మాట కట్టుడు మనమే అందరికంటే ఎక్కువ చేసినం. తెలంగాణ సాయుధ పోరాటం నాడు బండి యాదగిరి రాసిన పాటను 'మా భూమి' సినిమాలో గద్దర్ పాడిండు. ఊరూరికీ పాకింది. మన ఆదిలాబాద్ బిడ్డ గూడ అంజయ్య 'ఊరు మనదిరా' పాటను ఎంతమంది ఎన్ని గొంతులతో పాడలేదు? తెలంగాణ ధూంధాంలు జానపద బాణీల మీద నడవలేదా?

డప్పునే తీసుకోండ్రి. మా బాపు పెద్దోళ్ల చావులకు డప్పు కొట్టేది. వెట్టి. తర్వాత మన యువకులు ఊరూరా "డప్పు కొట్టం" అని ఎదురు తిరిగిండ్రు. అది న్యాయం. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా పుట్టింది. కొట్టమన్న డప్పునే మన కోసం మనం కొట్టుకున్నం. వాళ్లు రమ్మంటే కొడితే వెట్టి. మన మాట మీద మనం కొడితే ఉద్యమం. తోలు అదే, సిర్ర అదే. ఎవరి మాట మీద మోగుతుందనేదే తేడా. పాటకు కూడా ఇదే కొలత పెట్టాలె. ఎవరు పాడిండ్రు అని కొట్లాట కాదు. ఎవరి పేరు చెప్పిండ్రు, పైసలు ఎవరి ఇంటికి పోయినయి, కథలో ఏది ఉంచి ఏది తీసేసిండ్రు అని అడగాలె.

ఇది మన ఒక్క ఊరి గోస కాదు. దక్షిణాఫ్రికాలో సోలోమన్ లిండా అనే జూలూ నల్లజాతి గాయకుడు ఉండె. 1939లో జొహన్నెస్‌బర్గ్‌లో ఒక పాట రికార్డు చేసిండు. హక్కు పది షిల్లింగులకు పోయింది. ఆ పాటను అమెరికా తెల్లోళ్లు మాటలు మార్చి పాడిండ్రు. 1961లో అది ప్రపంచమంతా మోగింది. 1994లో పిల్లల సినిమా 'లయన్ కింగ్'లో వచ్చింది. మన పిల్లలకు కూడా ఆ రాగం తెలుసు. లిండా మాత్రం 1962లో పేదోడిగనే చనిపోయిండు. ఆయన బిడ్డలు కోర్టుకెక్కినంక 2006లో రాజీ కుదిరి కొంత వాటా వచ్చింది. పాట సముద్రం దాటింది. పేరు దాటడానికి అరవై ఏడేండ్లు పట్టింది.

చట్టం ఏమంటది? 1957 కాపీరైటు చట్టం ప్రకారం రాసినోడికి బతికున్నంత కాలం, చనిపోయినంక ఇంకో అరవై ఏండ్లు హక్కు ఉంటది. ఒకరి రికార్డు పాటను ఇంకొకరు తిరిగి పాడాలంటే, అనుమతి లేకుంటే అయిదేండ్లు ఆగాలె, ముందుగాల నోటీసు ఇయ్యాలె, రాయల్టీ కట్టాలె. కానీ మన పాట కింద ఎవరి సంతకమూ లేదు. నూరేండ్లు నూరు నోళ్లు పాడినయి. సంతకం లేదు కాబట్టి అది ఎవరి సొత్తూ కాదంటరు. ఎవరి సొత్తూ కానిది ముందుగా రికార్డు చేసినోడి సొత్తు అయితది. పట్టా లేని భూమికి మన ఊర్లల్లో ఏమైందో మీకు నేను చెప్పాల్నా?

అయినా ఒక తలుపు తెరిచి ఉన్నది. పాడినోడికి కూడా హక్కున్నది. దాన్ని ప్రదర్శకుల హక్కు అంటరు. మన ముసలవ్వ పాడంగ ఎవరన్న రికార్డు చేస్తే, ఆ పాడిన దాని మీద ఆమెకు యాభై ఏండ్లు హక్కు. 2012 సవరణతో తన పేరు చెప్పుమని అడిగే హక్కు, దాన్ని వ్యాపారానికి వాడితే రాయల్టీ అడిగే హక్కు వచ్చినయి. అందుకే కెమెరా పట్టుకొని వచ్చినోడు కాగితం మీద ఏలుముద్ర వేయమంటే వేయకండ్రి. చదువుకున్న పిల్లలతో చదివించుకోండ్రి.

పేరొస్తే చాలా? అది కూడా చాలదు. పద్మశ్రీ మొగులయ్య 2024లో హైదరాబాద్ దగ్గర కూలి పని చేస్తున్న వార్త అందరం చూసినం. బలగం మొగిలయ్య కిడ్నీల జబ్బుతో నలిగి 2024 డిసెంబరులో పోయిండు. గుస్సాడీని పిల్లలకు నేర్పిన మర్లవాయి కనకరాజు అదే ఏడాది అక్టోబరులో పోయిండు. మెడల పతకం కడుపుల బువ్వ కాదు.

ఇప్పుడు కొంచెం చేదు మాట. కోపానికి రాకండ్రి. సినిమావోళ్లను అంటున్నం. మరి మనం? చిందోళ్లు మాదిగవాడకే మిరాశి కళాకారులు. డక్కలోళ్లు మన మీద ఆధారపడి బతికినోళ్లు. భాగోతం తెల్లందాకా చూసినం. తెల్లారినంక వాళ్లను ఏ చెట్టు కింద ఉంచినం? మన ఇంట్లో కూసుండబెట్టి మన పళ్లెంలో అన్నం పెట్టినమా? "అడుక్కుతినెటోళ్లు" అనే మాట దొరల నోట్లో నుంచే రాలేదు, మన నోట్లో నుంచి కూడా వచ్చింది. నేను చిన్నప్పుడు అన్న. తప్పని నాకు ఎవరూ చెప్పలేదు. అంబేద్కర్‌ను చదివినంక తెలిసింది. కులం మెట్ల మెట్లుగా ఉంటదనీ, పై మెట్టును తిట్టెటోడు కింది మెట్టును తొక్కుతడనీ ఆయన చెప్పిండు. ఆ పిల్లగాడి సిగ్గు సినిమా ఇచ్చింది కాదు, మనం ఇచ్చింది. దాన్ని మనమే తీసెయ్యాలె.

పురాణ కథలన్నీ ఉన్నది ఉన్నట్టు నెత్తిన పెట్టుకొమ్మని కూడా నేను అంటలేను. అందులో రాజుల భజన ఉన్నది, బాపనోళ్ల నీతి ఉన్నది. అది వడగట్టుకుందాం. కానీ వడగట్టేది మనం, మన కళాకారులు కూసొని. లాభం కోసం ఇంకెవరో కాదు.

మరి ఏం చేద్దాం? నాలుగు పనులు చెప్పి కూసుంట.

ఒకటి. ప్రతి వాడకట్టులో ముసలోళ్ల పాటలు ఫోన్‌లో రికార్డు చేయండ్రి. వాళ్లు ఒప్పుకుంటేనే. పాడినోళ్ల పేరు, ఊరు, తారీఖు, ఎవరి దగ్గర నేర్చుకున్నరో నోట్‌బుక్కులో రాయండ్రి. రేపు అదే మన పట్టా.

రెండు. మన సభల్లో పాట పాడే ముందు రాసినోళ్ల పేరు, నేర్పినోళ్ల పేరు చెప్పాలె. మనం చెప్పకుంటే ఇంకొకరిని అడిగే మొఖం మనకు లేదు.

మూడు. జయంతికి డీజేకు వేలు పోస్తున్నం. అందులో సగం పెట్టి చిందు జట్టును పిలవండ్రి. దానం కాదు, కూలి ముందే మాట్లాడి ఇయ్యండ్రి. మన పక్కనే కూసుండబెట్టి తినండ్రి.

నాలుగు. నా పని. వచ్చే నెల ఆ నాయనమ్మను మా బడికి పిలుస్తున్న. కుర్చీ వేస్త. పిల్లలు ఫోన్‌లో విన్న పాటే ఆమె పూర్తిగా పాడ్తది, ఎగ్గొట్టిన రెండు చరణాలతో సహా. మనుమడు ముందు వరుసలో కూసుంటడా లేదా, అది నాకు పరీక్ష. మీకూ పరీక్షే.

జై భీం.