నత్తల బారినుండి పెరటి తోట

తొలకరి పడిన పిదప మా పెరటిలో వంగ, బంతి, బచ్చలి నార్లు పోసితిమి. వారము దినములలో మొలకలు రెండేసి ఆకులు విప్పి చూడ ముచ్చటగా నుండెను. ఒకనాటి ఉదయము లేచి చూడగా మడిలో కాడలు మాత్రమే నిలిచియున్నవి. కొన్ని మొక్కలకు కాడలును మిగులలేదు. దొంగ కనబడలేదు గాని, వాడు నడచిన త్రోవ గోడమీదను గట్టుమీదను వెండి జరీవలె మెరయుచుండెను. అది నత్తల జిగురు.

ఇరుగుపొరుగువారు తలకొక ఉపాయము చెప్పిరి. బూడిద చల్లుడనిరి కొందరు. కోడిగ్రుడ్ల పెంకులు నలిపి మొక్కల చుట్టు పోయుడనిరి మరికొందరు. ఉప్పును మించినది లేదనిరి వేరొకరు. మేము మూడును చేసి చూచితిమి. బూడిద పొడిగా నున్నంతసేపు పని చేసినట్లే తోచెను; ఒక్క జల్లు పడగానే మట్టిలో కలసిపోయెను. పెంకుల మీదుగా నత్తలు నిశ్చింతగా సాగిపోవుటను దీపము పట్టుకొని కన్నులార చూచితిమి. ఉప్పు చల్లినచోట నత్తలు చచ్చినమాట నిజమే. వానితోపాటు వంగమొక్కలును వాడి చచ్చినవి.

ఇది మా ఒక్కరి అనుభవము కాదు. ఇంగ్లాండులోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీవారు 108 లెట్యూసు మొక్కలపై ఆరు వారములపాటు ఇట్టి ఉపాయములను పరీక్షించి, 2018లో ఫలితములను ప్రకటించిరి. రాగిపట్టీ, గ్రుడ్డుపెంకులు, గరుకు కంకర, పైను చెట్టు బెరడు, ఉన్ని గుళికలు, వీనిలో ఏది చుట్టినను, ఏమియు చుట్టని మొక్కలకంటె నష్టము తగ్గలేదని తేలెను. కావున మొక్క చుట్టు కోట కట్టుటకంటె శత్రువు స్వభావము నెరుగుట మేలు.

నత్త ప్రాణమంతయు తడిలోనే యున్నది. దాని దేహములో అధికభాగము నీరే. నడచునప్పుడెల్ల జిగురు రూపమున ఆ నీటిని కొంత వ్యయము చేయవలసియుండును. అందుచే పగలు ఎండకు వెరచి కుండపెంకుల క్రిందను, ఇటుకల సందునను, రాలిన ఆకుల క్రిందను దాగి, రాత్రి తడి నేలపై బయలుదేరును. దాని నాలుక ఆకురాయివంటిది. దానితో లేత ఆకును గీకి తినును. గుల్ల లేని నత్తల సంగతియు ఇంతే.

మన తోటలలో మిక్కిలి హాని చేయు పెద్ద నత్త మన దేశపుది కాదు. తూర్పు ఆఫ్రికాలో పుట్టిన ఈ జాతిని 1847లో విలియం బెన్సన్ అనునతడు మారిషసునుండి కలకత్తాకు తెచ్చి ఒక తోటలో విడిచెను. నేడది దేశమున అనేక రాష్ట్రములకు వ్యాపించినది. ఒక్కొక్క నత్తలోను ఆడతనము, మగతనము రెండును ఉండును. ఒక్క పర్యాయమే నూరుకు పైబడిన గ్రుడ్లను మట్టిలో పెట్టగలదు. ఎండకాలమున గుల్ల ముఖమునకు పలుచని పొర కప్పుకొని నెలల తరబడి నిద్రించి, తొలి వానకు మేల్కొనును. మన నారు మొలకెత్తు కాలమును, దాని ఆకలి కాలమును ఒక్కటే యగుట మన దురదృష్టము.

ఇక చేయదగినవి చెప్పుదుము. మొదటిది, నీరు పోయు వేళను మార్చుకొనుట. సాయంకాలము పోసిన నీరు రాత్రియంతయు నేలను తడిగా నుంచి నత్తలకు బాట పరచును. ఉదయము పోసినచో మొక్క త్రాగును, పైమట్టి సాయంకాలమునకు ఆరును. కాసు ఖర్చులేని ఈ ఉపాయమే అన్నింటికంటె ముందు పాటింపదగినది.

రెండవది, దాగు చోట్లను తీసివేయుట. గోడవార పడియున్న పెంకులను, పలకలను, చెత్తకుప్పలను తొలగింపవలెను. వానలకు ముందు మట్టిని త్రవ్వి తిరుగవేసినచో బఠాణీగింజలవంటి తెల్లని గ్రుడ్లు పైకి వచ్చి ఎండకు మాడిపోవును.

మూడవది, దాగు చోటును మనమే కల్పించుట. సాయంకాలము ఒక గోనెసంచిని తడిపి మడిప్రక్కన పరచి, దాని క్రింద బొప్పాయి ఆకులనో కాబేజీ ఆకులనో ఉంచవలెను. రాత్రి మేసిన నత్తలు తెల్లవారునప్పటికి ఆ చల్లని నీడకు చేరును. ఉదయమున సంచి నెత్తి, వానిని ఏరి, గాఢమైన ఉప్పునీటి బాల్చీలో వేసి, చచ్చిన పిదప మొక్కలకు దూరముగా లోతైన గోతిలో పూడ్చవలెను. ఉప్పునీటిని మాత్రము మడులలో పారబోయరాదు. వాన వెలసిన రాత్రులందు దీపముతో వెదకి ఏరుటయు మంచిదే.

ఇచట ఒక హెచ్చరిక. నత్తలను వట్టిచేతులతో ముట్టరాదు, పిల్లలను ఆడుకొననీయరాదు. ఎలుకలనుండి వచ్చు ఒక సన్నని పురుగు నత్తల దేహములో నుండుట కలదు. అది మనుష్యుని లోపల ప్రవేశించినచో మెదడు పొరలకు వాపు కలిగించును. చేతికి తొడుగు గాని, పట్టుకారు గాని వాడి, పని ముగిసిన పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఆకుకూరలను ఒక్కొక్క ఆకుగా కడిగి, బాగుగా ఉడికించి తినవలెను.

ప్రకృతిలో మనకు సహాయులును కలరు. జెముడుకాకి నత్తలను పగులగొట్టి తినును. మిణుగురు పురుగుల పిల్లలకు నత్తలే ఆహారము. బాతులు పొలముగట్లపై వానిని ఏరి తినును. ఉన్న మిత్రులను కాపాడుకొనవలెనే గాని, క్రొత్తవారిని తెచ్చుట ప్రమాదము. టహీటీ చెంత మూరియా ద్వీపమున ఈ పెద్ద నత్తలను అణచుటకై 1977లో నత్తలను తిను మరియొక జాతి నత్తను తెచ్చి విడిచిరి. అది పెద్ద నత్తల మాట అటుంచి, ఆ ద్వీపమునందే పుట్టి పెరిగిన పార్ట్యులా అను చిన్ని నత్తలపై పడెను. పదేండ్లలో అవి అచటి అడవులలో లేకుండ పోయినవి.

మా పెరటి సంగతి చెప్పి ముగింతుము. గోనెసంచి పరచిన మొదటి ఉదయమున బాల్చీ సగము నిండెను. మొదటి వారమున ఇంటిలోని వారందరికిని ఉత్సాహము. రెండవ వారమున విసుగు. విసుగు పుట్టి రెండు దినములు మానినచో మరల ఆకులకు కన్నములు పడెను. పట్టు విడువక సాగించినందున మూడవ వారమునకు సంచి క్రింద నాలుగైదు మాత్రము కనబడెను. రెండవమారు పోసిన నారు నిలిచినది. నత్తలు పూర్తిగా పోలేదు, పోవు. ప్రక్కపెరటి గోడ దాటి క్రొత్తవి వచ్చుచునే యుండును. అందుచే ఇరుగుపొరుగులు కలసి ఒకే వారమున ఈ పనికి పూనుకొన్నచో శ్రమ సగమగును, ఫలము రెట్టింపగును. నత్త నడక నెమ్మదియే గాని, అది ఒక్క రాత్రియైనను మానదు. మనమును మానరాదు.