హోటలు మూసిన పిదప ఉద్యోగము



విద్యార్థివేతనములనుగూర్చియు, వసతిగృహములనుగూర్చియు పెద్దలు ప్రసంగించిరి. యువకుల యుద్యోగములయెడ మన సంఘము చిరకాలముగ శ్రద్ధ వహించుచున్నది. నేను విన్నవింపదలచినది యేబదియేండ్ల వయస్సున, తండ్రినాటి హోటలును మూసివేసి, మొట్టమొదటిసారి యుద్యోగమునకు దరఖాస్తు వ్రాయవలసివచ్చినవారిని గూర్చి.

ఇట్టివారు మనలో నున్నారు. 2020 మార్చి 25 మొదలు జూన్ 8 వఱకు హోటళ్లలో కూర్చుండి భుజించుట నిషిద్ధమై యుండెను. అద్దెయు, అప్పుపై వడ్డీయు మాత్రము నిలువలేదు. బైపాసు రోడ్డు పడి బస్సులు ఊరిలోనికి రాకపోవుటచే మూతపడినవి కొన్ని, అన్నదమ్ముల వాటాలవలన మూతపడినవి కొన్ని, కొడుకులు దూరదేశములకు పోగా గల్లాపెట్టెయొద్ద కూర్చుండువారు లేక మూతపడినవి మఱికొన్ని.

హోటలు యజమాని దరఖాస్తులో నేమి వ్రాయును? “స్వంతవ్యాపారము, 25 సంవత్సరములు” అని యొక్క పంక్తి వ్రాసి యూరకుండును. ఇది చాలదు. ఇడ్లీపాత్ర పొయ్యిమీది కెక్కకమున్నే ఆనాడు వచ్చు జనమెంతయో అంచనా కట్టినవాడాతడు. టమాటా ధర రెండింతలైన దినమున సాంబారు రుచి చెడనీయక నడపినవాడు. పండుగనాడు వంటమాస్టరు చెప్పకుండ ఊరికి పోయినపుడు తానే గరిటె పట్టినవాడు. ప్రతిరాత్రియు చిట్టాను, నగదును సరిచూచి గాని నిద్రింపనివాడు. ఆసుపత్రి భోజనశాలలో, కళాశాల వసతిగృహములో, కర్మాగారపు క్యాంటీనులో మేనేజరు చేయవలసిన పని యిదియే కదా! కావున దినమునకు భోజనములెన్ని, పనివారెందఱు, నెలకు సరుకెంత యనునవి అంకెలతో వ్రాయవలయును. తెరవెనుక పిండియు, పచ్చళ్లును, పనివారి జీతములును చూచిన గృహిణి పేరు ఏ కాగితముమీదను ఉండదు. ఆమె యనుభవమును అనుభవమే. ఆమెయు దరఖాస్తు పెట్టదగును.

ఆహారభద్రతా ప్రాధికారసంస్థవారి నియమముచొప్పున, లైసెన్సుగల సంస్థలలో 25 మంది పనివారికొక శిక్షణపొందిన పర్యవేక్షకుడు ఉండవలయును. ఫోస్టాక్ అను ఆ శిక్షణ యొక్క దినములో ముగియును. చేతనున్న విద్యకు కాగితము తోడగుటకు ఇంతకంటె సులభమైన మార్గము లేదు.

వయస్సు విషయమున నొక చిక్కు కలదు. అటల్ పింఛను యోజనలో 40 ఏండ్లలోపువారికే ప్రవేశము. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకమున నెలనెల పింఛను రావలెనన్నచో 58 ఏండ్లు నిండులోపల 10 సంవత్సరముల సేవ యుండవలయును. ఏబదియవ యేట మొదటికొలువున చేరినవానికి భవిష్యనిధి సొమ్ము చేరునుగాని ఆ పింఛను చేరదు. 47వ యేట చేరినవానికి చేరవచ్చును. “ఇంకొక్క సంవత్సరము చూతము” అని నష్టముతో హోటలు నీడ్చువారు ఈ లెక్కను కూడ వేసికొనవలయును. పోవునది మూలధనము మాత్రమే కాదు.

ఇక చెప్పుటకు సంకోచము కలిగించు మాట. “నిన్నటివఱకు పదిమందికి జీతములిచ్చినవాడను, నేడొకనియొద్ద సంతకము పెట్టి పుచ్చుకొందునా?” యని పెద్దవాని బాధ. ఇచ్చువానికిని సంకోచమే. “బాబాయిగారిని ఆలస్యమైనదేమని యెట్లడుగుదును?” అని మనవాడైన మిల్లు యజమాని యెవ్వరినో యెఱుగనివానిని నియమించుకొనును. మర్యాదయే ఇచట అడ్డుగోడ యగుచున్నది. నా యభిప్రాయము: మూడునెలల పరీక్షాకాలము, పనిగంటలు, జీతము, సెలవులు మొదలే కాగితముమీద వ్రాసికొనవలయును. అట్లయినచో అడుగునది కాగితము, అన్నకొడుకు కాడు. బాబాయి యింటిలో బాబాయిగనే యుండును. జాలిపడి పేరునకొక కుర్చీ వేసి కూర్చుండబెట్టుట మాత్రము వలదు. పని తెలిసినవానికి అంతకంటె అవమానము లేదు.

సంఘకార్యాలయమున నలుబదియైదేండ్లు దాటిన యుద్యోగార్థుల పట్టిక యొకటి యుంచవలయుననియు, మన వసతిగృహముల భోజనశాలలలో మేనేజరు పని ఖాళీయైనపుడు ఆ పట్టికలోనివారికి ముందుగ జాబు వ్రాయవలయుననియు నొక తీర్మానము సిద్ధపఱచితిని. దానిని రేపటి విషయనిర్ధారణసభలో చర్చకు చేర్చవలసినదిగా అధ్యక్షులవారిని ప్రార్థించుచున్నాను.