ఇంట్లో పిల్లల చేతిరాత

మా అమ్మాయి నాలుగో తరగతిలో ఉండగా ఒకరోజు వాళ్ళ అవ్వకు చీటీ రాసిపెట్టి బడికి వెళ్ళింది. అత్తగారికి డాక్టరు ఇచ్చిన మందు పాలతో కలిపి పుచ్చుకోకూడదు. అందుకని "పాలు మాత్రం వద్దు" అని రాయమన్నాను. అది సున్న మింగేసి "పాలు మాత్ర వద్దు" అని రాసింది. ఆవిడ పాలూ మానేశారు, మాత్రా మానేశారు! సాయంత్రం నేను వచ్చి చూసేదాకా మాత్ర గూట్లోనే ఉంది. ఒక పూటతో సరిపోయింది కాబట్టి ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను.

మన రాజపాళయంలో పిల్లలు తెలుగు మాట్లాడతారు గాని, రాసేది తమిళం, ఇంగ్లీషు. 2006లో వచ్చిన చట్టం ప్రకారం ఒకటో తరగతి నుంచి దశలవారీగా తమిళం తప్పనిసరి అయింది. తమిళం రావలసిందే, నేనూ బడిలో చెప్పేదాన్నే. కాని తెలుగు రాత ఇంట్లో నేర్పకపోతే చాలామంది పిల్లలకు మరెక్కడా రాదు.

తమిళం చదివే పిల్లవాడి తప్పులు వేరుగా ఉంటాయి. క, ఖ, గ, ఘ నాలుగింటికీ తమిళంలో ఒకటే అక్షరం. అందుకని నోటితో "గంప" అని సరిగ్గానే అంటాడు, రాయడం "కంప" అని రాస్తాడు. బుట్ట కాస్తా ముళ్ళకొమ్మ అయింది! తిట్టకండి. గంప, కంప రెండూ పక్కపక్కన రాయించి, బొమ్మలు గీయించండి. అలాగే తమిళంలో అక్షరం మీద చుక్క పెడితే పొల్లు అయిపోతుంది, తరువాతి అక్షరం పక్కన వస్తుంది. మనకు రెండోది కింద వత్తుగా దిగాలి. "అమ్మ" రాయమంటే మ పక్కన మ పెట్టేది ఇందుకే.

వత్తుకు కింద చోటు కావాలి గనుక మొదట్లో గీత విడిచి గీత రాయించండి. అంతకన్నా ముందు పలక, బలపం. అక్షరం అరచేయంత ఉండాలి. మన అక్షరాల్లో చాలావరకు గుండ్రనివే, చెయ్యి తిరగాలి. ప నోరు మూసుకుపోతే వ అవుతుంది, పాలు వాలు అయిపోతాయి. రోజుకు పది నిమిషాలు చాలు. వంద సార్లు రాయమని శిక్ష వేస్తే యాభయ్యోసారికి అక్షరం పాడవుతుంది, ఇది నా బడి అనుభవం.

ఇక చుక్కలు, కామాలు. తెలుగు వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది. రాసినదాన్ని పైకి చదివించి, ఊపిరి ఆగిన చోట చుక్క పెట్టించండి. "వచ్చి, తిని, పడుకున్నాడు" అన్నప్పుడు వచ్చి దగ్గర చుక్క పెట్టకూడదని పిల్లవాడికే తెలిసిపోతుంది. కామా సంగతికి మన ఊరి ఉదాహరణే ఉంది. "రాజు మామ వచ్చారు" అంటే ఒక్కరు. "రాజు, మామ వచ్చారు" అంటే ఇద్దరు. ఎన్ని ఆకులు వెయ్యాలో వంటింట్లో వాళ్ళకు తెలియాలి కదా!

కాపీపుస్తకం కన్నా నిజంగా ఎవరో చదివే రాత మేలు. అంగడి సరుకుల జాబితా, తాతగారికి కార్డు, ఇలాంటివి రాయించండి. మా ఇంట్లో ఇప్పుడు మందుల చీటీ మా అమ్మాయిదే. రాశాక అవ్వకు చదివి వినిపించి, సున్నలు లెక్కపెట్టి మరీ బడికి వెళుతుంది.