వెనక్కి నడిచిన రాజకుమారుడు

కంప్యూటర్ ఆటలు మామూలుగా పాత యంత్రాల నుంచి కొత్త యంత్రాలకు వెళ్తాయి. ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ మాత్రం వెనక్కి కూడా నడిచింది.

ఈ ఆట కోసం 1985లో అమెరికా యువకుడు జోర్డన్ మెక్నర్ తన తమ్ముడు డేవిడ్ చేత పరుగులు తీయించి, గెంతించి వీడియో తీశాడు. ఆ కదలికలను ఒక్కో ఫ్రేము చొప్పున ఆపిల్ టూ కంప్యూటర్లోకి ఎక్కించాడు. అందుకే ఆటలో రాజకుమారుడు అచ్చం మనిషిలా పరిగెత్తుతాడు. అయితే ఆ బొమ్మలే మెమరీని దాదాపు పూర్తిగా మింగేశాయి. శత్రువును గీయడానికి చోటు లేదు. రాజకుమారుడి బొమ్మనే కాస్త పక్కకు జరిపి, దాని మీదే వేసి, మిలమిలలాడే నీడమనిషిని పుట్టించాడు. ఆడినవాళ్లు ఇప్పటికీ తలచుకునే పాత్ర అది!

బ్రోడర్‌బండ్ సంస్థ 1989లో ఆటను విడుదల చేసేసరికి ఆపిల్ టూకు కాలం చెల్లుతోంది. అమ్మకాలు అంతంతమాత్రం. ఐబీఎం పీసీకి, ఇతర యంత్రాలకు మార్చాకే పేరొచ్చింది. కోటికి పైగా అమ్ముడైన కమడోర్ 64కు మాత్రం అధికారికంగా రానేలేదు.

ఆ లోటును 2011లో ఆండ్రియాస్ వార్గా అనే ప్రోగ్రామర్ తీర్చాడు. రెండు యంత్రాల్లోనూ ఉన్నది 6502 వంశపు ప్రాసెసరే. చిక్కంతా తెరతోను, మెమరీతోను: ఆపిల్ ఆటకు 128 కిలోబైట్లు కావాలి, కమడోర్లో ఉన్నవి 64. మూల ప్రోగ్రాం చేతిలో లేదు. ఆపిల్ డిస్కులోని యంత్రభాషను విప్పి చదివి, బొమ్మలు గీసే భాగాన్ని మార్చి రాశాడు. మెమరీ కొరతకు బయటినుంచి తగిలించే ఈజీఫ్లాష్ కార్ట్‌రిడ్జ్ ఆదుకుంది. అది దొంగదారి అని గొణిగేవారూ ఉంటారు గానీ, కమడోర్‌కు కార్ట్‌రిడ్జ్‌లు మొదటినుంచీ ఉన్నవే.

తమాషా ఏమిటంటే, పోయిందనుకున్న మూల ప్రోగ్రాం మరుసటి ఏడాదే దొరికింది! మెక్నర్ తండ్రికి ఓ పెట్టెలో పాత ఫ్లాపీలు కనిపించాయి. నిపుణులు వాటిని చదివి తీశారు. మెక్నర్ ఆ కోడును అందరి ముందూ పెట్టాడు.

దాని ఆధారంగా 2018లో కీరన్ కానెల్ అనే మరో ప్రోగ్రామర్ ఈ ఆటను బ్రిటన్ కంప్యూటర్ బీబీసీ మాస్టర్‌కు తెచ్చాడు. దీనికి ముందుతరం యంత్రమైన బీబీసీ మైక్రో మన దేశానికి కొత్తకాదు. 1984లో మొదలైన ‘క్లాస్’ పథకం కింద పాఠశాలలకు చేరింది అదే. మాస్టర్‌లో మెమరీ ఆపిల్‌తో సమానం, 128 కిలోబైట్లు. కానీ రంగులు, తెర పద్ధతి వేరు కావడంతో బొమ్మలన్నిటినీ దానికి తగ్గట్టు మలచాల్సి వచ్చింది. కానెల్ రాసిన కోడు కూడా ఇప్పుడు ఎవరైనా చూసుకోవచ్చు.