మగవాళ్లను ఏడిపించిన టీవీ సినిమా

1971 నవంబరు 30 రాత్రి అమెరికాలో ఏబీసీ ఛానెల్ ‘బ్రయన్స్ సాంగ్’ అనే సినిమాను ప్రసారం చేసింది. టీవీ కోసమే తీసిన సినిమా, గంటంపావు నిడివి.

షికాగో బేర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో గేల్ సేయర్స్ నల్లజాతివాడు, బ్రయన్ పికలో తెల్లవాడు. ఇద్దరికీ ఒకే గది. ఆ రోజుల్లో అదే పెద్ద విశేషం. సేయర్స్ మోకాలు దెబ్బతింటే, అతని స్థానం కోసం పోటీ పడే పికలోనే వెంటపడి కోలుకునేలా చేశాడు. తర్వాత పికలోకి క్యాన్సర్ సోకింది. 1970లో 26 ఏళ్లకే కన్నుమూశాడు. కల్పన కాదు, జరిగిన కథ.

నన్ను కదిలించే ఘట్టం ఒకటుంది. ధైర్యానికిచ్చే పురస్కారం అందుకోవడానికి సేయర్స్ మైకు ముందుకొస్తాడు. సేయర్స్‌గా బిల్లీ డీ విలియమ్స్ నటించారు. ఈ బహుమతి నాది కాదు, పికలోది అంటాడు సేయర్స్. అతని కోసం ప్రార్థించమని సభను వేడుకుంటాడు. అరుపుల్లేవు, పెడబొబ్బల్లేవు. కానీ గొంతు పూడుకుపోతుంది, విలియమ్స్‌కీ, మనకీ.

కన్నీళ్లు పిండే సినిమా అన్నవాళ్లున్నారు. నిజమే, పిండుతుంది, ఆ కన్నీళ్లు మాత్రం న్యాయమైనవి. ఎమ్మీ పురస్కారాలు వచ్చాయి. టీవీలో వచ్చాక థియేటర్లలోనూ విడుదల చేశారు. కంటతడి పెట్టని మగవాళ్లు సైతం ఈ సినిమా చూసి ఏడ్చామని అమెరికాలో ఇప్పటికీ చెప్పుకుంటారు.