పాడుపడిన బందెలదొడ్డిలో తోట

(హిమాయత్‌సాగర్ ఎగువ గ్రామముల పంచాయతీ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠము)



పరుల చేలలో పడి మేసిన పశువులను కట్టివేయుటకు పూర్వము పెద్ద గ్రామములందు బందెలదొడ్డి యుండెడిది. రైతు జుల్మానా చెల్లించి పశువును విడిపించుకొనెడివాడు. నేడు దొడ్డిలో పశువు లేదు. తుమ్మకంపయు, కూలిన గోడలును, పాములును మిగిలినవి. 2008లో శంషాబాదు విమానాశ్రయము తెరచినది మొదలు ఈ ప్రాంతమున గుంట భూమి విలువ ఎట్లు పెరిగినదో మీకు మేము చెప్పనక్కరలేదు. దిక్కులేని స్థలమునకు యజమానులు త్వరలోనే పుట్టుకొనివత్తురు. కావున మొదట సర్వేయరుచేత హద్దురాళ్లు పాతించుడు. తోట సంగతి తరువాత.

కూలిన మట్టిగోడను లారీల కెత్తి పారబోయకుడు. మన పెద్దలు పాటిమన్నును బండ్లతో తోలించి చేలకు వేసెడివారు గదా! ఇదియు అట్టిదే. కాని దొడ్డి నేల వేరు. ఏండ్ల తరబడి పశువుల మూత్రమింకి, పైన తెల్లని ఉప్పు పేరుకొనియుండును. అందు నాటిన లేతమొక్క మాడిపోవును. ఆ పైపొరను గీకించి, చేలకు ఎరువుగా పలుచగా చల్లించుడు. గుంతలలో ఎర్రమట్టియు, మాగిన పెంటయు నింపుడు. నిలిచియున్న రాతిగోడను కూల్చకుడు. మేకల నాపుటకు అంతకన్న చౌకయైన కంచె దొరకదు. గోడలో మొలచిన రావిని మాత్రము వేరుతో తీయవలెను. కుడితితొట్టి నుండనిండు, పక్షులు నీరు త్రాగును.

రాతినేలకు సీతాఫలము, వేప, కానుగ తగినవి. పురుగుమందులు వలదు. ఇచటి వాననీరు ఈసీలో కలిసి, 1908 నాటి మూసీ వరద పిమ్మట తలపెట్టి 1927లో పూర్తిచేసిన హిమాయత్‌సాగరమును చేరును.

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకవలెనని విధించినది. 2020 నుండి వెలసిన పల్లె ప్రకృతి వనములలో కొన్ని పచ్చగానున్నవి. కొన్నింట బోర్డు మాత్రమే నిలిచినది. వానకాలమున మొక్క నాటి ఛాయాచిత్రము తీయించుకొనుట సులభము, రెండవ వేసవిలో బిందెడు నీరు మోయుట కష్టము. ఎండిపోవు రెండువందల మొక్కలకన్న, ఒక్క మనిషి తడుపగల ముప్పదియే మేలని మా అభిప్రాయము. తీర్మానములో మొక్కల సంఖ్య వ్రాయుటకు ముందు, ఏప్రిల్, మే నెలలలో నీరు పోయువాని పేరును, అతని కూలి ఏ పద్దు క్రింద చెల్లింతురో దానిని వ్రాయుడు.