యాదగిరి: హాజరు పట్టీలో ఒక పేరు
(స్వర్ణోత్సవ సభలో విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



ఏం మాట్లాడమంటారని అడిగితే "మీ ఇష్టం సార్" అన్నారు. రోజూ పొద్దున నేను గట్టిగా చదివిన మొదటి పాఠం హాజరు పట్టీయే కదా! అందులోని ఒక్క పేరు గురించి చెబుతాను: యాదగిరి.

భువనగిరి, ఆలేరు, జనగామ వైపుల నుంచి బతకవచ్చి అమీర్‌పేట, పంజాగుట్టల్లో స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉండేవి. అందుకే పాత తరగతుల్లో ఒకరిద్దరు యాదగిరులు తప్పక ఉండేవారు. ఇంటిపేరు పొడి అక్షరంతో వేరు చేసి పిలిచేవాణ్ణి. వాళ్ల చిన్నాన్న యాదయ్య, మేనత్త యాదమ్మ.

నిజానికి ఇది మొక్కు. నగరానికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని యాదగిరిగుట్టలో యాద మహర్షి తపస్సుకు మెచ్చి నరసింహస్వామి ఐదు రూపాల్లో వెలిశాడని స్థలపురాణం. జబ్బుపడ్డవారు, సంతానం లేనివారు అక్కడ 40 రోజులుండి ప్రదక్షిణలు చేసేవారు. కొడుకు పుడితే ఆ పేరు పెట్టి మొక్కు చెల్లించేవారు. కొమురవెల్లి మల్లన్నకు మొక్కిన ఇంట్లో కొమురయ్య, మల్లేశం. వేములవాడ రాజన్నకు మొక్కిన ఇంట్లో రాజయ్య, రాజేశం. పేరు వింటే ఆ తల్లి ఎక్కడ మొక్కిందో తెలిసేది.

తెలంగాణ సాయుధ పోరాటంలో నిజాం మీద పాట కట్టిన బండి యాదగిరిదీ ఈ పేరే. 'మా భూమి' సినిమాలో గద్దర్ గొంతులో ఆ పాట ఊరూరా వినబడింది. అదే సినిమాలోకం తర్వాత్తర్వాత ఈ పేరును ఆటో డ్రైవర్లకూ, పనివాళ్లకూ తగిలించి నవ్వించింది. తరగతిలోనూ నవ్వులు మొదలయ్యాయి. పిల్లలు తలదించుకుని "ప్రెజెంట్ సార్" అనేవారు.

1986లో 'శ్రీ షిరిడీ సాయిబాబా మహత్యం' సినిమా వచ్చింది. మన ద్వారకాపురి కాలనీ గుడి దగ్గర గురువారాలు కిటకిటలాడాయి. కొన్నేళ్లకు పట్టీ నిండా సాయికిరణ్‌లు, సాయికృష్ణలు. భక్తి తగ్గలేదు, మొక్కే చోటు మారింది. ఆ తర్వాత ఏ గుడికీ చెందని పొట్టి పేర్లు వచ్చాయి. మైత్రీవనం చుట్టూ కోచింగులు చదివి అమెరికా వెళ్లిన యాదగిరి అక్కడ 'గిరి' అయ్యాడు.

2014లో తెలంగాణ దూరదర్శన్ చానల్‌కు యాదగిరి అని పేరు పెట్టారు. యాదాద్రిగా పిలిచిన క్షేత్రాన్ని మళ్లీ యాదగిరిగుట్ట అనే పిలవాలని 2024 నవంబరులో ముఖ్యమంత్రి ప్రకటించారు. చానల్‌కు పేరు దక్కింది, గుట్టకు తిరిగి వచ్చింది. ఉయ్యాలలోని పిల్లవాడికి మాత్రం ఎవరూ పెట్టడం లేదు.

మీ మనవలకు యాదగిరి అని పెట్టమని నేననను. రెండే కోరికలు. సంఘం వారు వేసే సభ్యుల పట్టికలో ఇప్పటి పేరు పక్కన బడి పేరు కూడా పూర్తిగా వేయండి. రెండోది, ఆ పేరు ఎందుకు పెట్టారో, ఎన్నిరోజులు గుట్టమీద నిద్ర చేశారో మీ అమ్మనడిగి రాసి పెట్టుకోండి. ఆ తల్లులు చాలామంది ఎనభై దాటారు. వచ్చే సమ్మేళనం దాకా ఆగకండి, ఈ ఆదివారమే అడగండి.